మణుగూరు నీళ్ళూ, కొలంబియా ఎలకలూ

మణుగూరు అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి రెండు. ఒకటి సింగరేణి బొగ్గు, రెండోది హెవీ వాటర్. బొగ్గు సంగతి చెప్పక్కర్లేదు, రైలుపట్టాలు అక్కడిదాకా వేసిందే దానికోసం. హెవీ వాటర్ సంగతే ఎవరికీ సరిగ్గా తెలీదు. "అదేదో అణుబాంబుల వ్యవహారంట" అని ఒకరంటారు, "రియాక్టర్లలో పోస్తారు" అని ఇంకొకరు. రెండోది నిజమే. 1991 చివర్లో మొదలైన ఆ ప్లాంటు (అప్పటి ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, అశ్వాపురం మండలం) తయారు చేసే నీళ్ళు ముఖ్యంగా వెళ్ళేది మన అణు విద్యుత్ కేంద్రాలకే.

కానీ ఈ నీళ్ళకి రియాక్టర్ కంటే ముందే ఇంకో ఉద్యోగం ఉంది. యురేనియం అణువు చీలుతుందని జర్మనీలో కనిపెట్టింది 1938 డిసెంబరులో. దానికి మూడు నాలుగేళ్ళ ముందే హెవీ వాటర్‌ని ఎలకలు తాగాయి, చేపలు ఈదాయి, ఒకరిద్దరు శాస్త్రవేత్తలు కూడా తాగారు. మన ఒంట్లో ప్రతి కణం లోపల ఏం జరుగుతోందో మొదటిసారి మనిషికి తెలిసింది ఈ నీళ్ళ వల్లే. ఆ కథ చెప్దామనే ఈ టపా.

ముందు ఒక చెరువు గురించి.

మీ ఊళ్ళో చెరువు ఉందనుకోండి. రోజూ పొద్దున్నే వెళ్ళి మట్టం చూస్తున్నారు. నెల రోజులు చూసినా మట్టం మారలేదు. అంటే నీళ్ళు కదలకుండా ఉన్నట్టా? ఏమో! పైనుంచి వాగు వస్తూ, కింద తూములోంచి అంతే వేగంగా పోతూ ఉంటే కూడా మట్టం మారదు. మట్టం ఎన్నిసార్లు కొలిచినా ఈ రెండిటికీ తేడా తెలీదు. తేడా తెలియాలంటే నీళ్ళలో ఏదో ఒక గుర్తు కలపాలి. రంగో, ఉప్పో. రేపు ఆ రంగు ఎంత పలచబడిందో చూస్తే ఎన్ని నీళ్ళు వచ్చాయో, ఎన్ని పోయాయో లెక్క తేలుతుంది.

మన భాషలో చెప్పాలంటే సర్వర్ మెమరీ ఎంత వాడుతోందో చూడ్డం వేరు, ఒక రిక్వెస్ట్‌కి ఐడీ తగిలించి అది ఏయే సర్వీసుల గుండా వెళ్ళిందో లాగుల్లో వెతకడం వేరు. మొదటిది స్థితి, రెండోది ప్రయాణం. ప్రొడక్షన్‌లో బగ్ వచ్చినప్పుడు మొదటిదాంతో ఎంత దూరం వెళ్ళగలమో మనందరికీ తెలిసిందే :-)

జీవశాస్త్రం చాలాకాలం చెరువు మట్టం దగ్గరే ఉండిపోయింది. అలాగని ఆ కొలతలు చిన్నవేం కాదు. వాటిలో అతి గొప్పవాటిలో ఒకటి మనవాడిదే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి ప్రచురించాడు. మాలిబ్డేట్ కలిపితే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఇది ఎంత పనికొచ్చిందంటే, ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు డాక్టర్ల లాబుల్లోనూ, పశువైద్యుల లాబుల్లోనూ రక్తంలో ఫాస్ఫరస్ చూడాలంటే ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతే. ఈనిన గేదె ఉన్నట్టుండి ఎర్రటి మూత్రం పోస్తూ నీరసించిపోతే ఫాస్ఫరస్ తగ్గిందేమో అని అనుమానించి చూసేది ఇలాంటి పరీక్షతోనే.

అదే పద్ధతితో 1927లో ఫిస్కే, సుబ్బారావు పిల్లుల కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనిపెట్టారు. కండరం పని చేస్తే అది తగ్గుతోంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ పెరుగుతోంది. 1929లో ఏటీపీ. కణానికి చేతి ఖర్చుల డబ్బులు ఎక్కడుంటాయో చూపించారన్నమాట. కానీ ఇందులో కూడా కొలిచింది ముందు ఎంత, తర్వాత ఎంత అనే. ఒక ఫాస్ఫరస్ అణువు ఏ దారిన వచ్చి ఏ దారిన పోయిందో చూసే వీలు అప్పటికి లేదు. సుబ్బారావుకే కాదు, ఎవ్వరికీ లేదు.

ఆ డిపార్ట్‌మెంటుకి పెద్దాయన ఆటో ఫోలిన్. ఆయన 1905లో ఒక సిద్ధాంతం చెప్పాడు. స్థూలంగా ఇదీ: మన ఒళ్ళు ఒక ఇంజను, తిండి పెట్రోలు. పెట్రోలు ఎప్పటికప్పుడు కాలిపోతుంది. ఇంజను మాత్రం అలాగే ఉంటుంది, ఏదో కాస్త అరుగుతుంది, ఆ అరుగుదల వరకు రిపేరు జరుగుతుంది. తిండిలో ప్రోటీను దారి వేరు, ఒంట్లో ప్రోటీను దారి వేరు. వినడానికి ఎంత బాగుందో చూడండి! ముప్ఫై ఏళ్ళపాటు ఎక్కువమంది దీన్నే నమ్మారు. నమ్మక ఏం చేస్తారు, పెద్దమనిషి బరువు ఏడాదంతా ఇంచుమించు ఒకటే కదా. చెరువు మట్టం మారలేదుగా!

ఇక గుర్తు కలపడం ఎలా మొదలైందో చూద్దాం. జార్జ్ హెవెసీ అని హంగరీ ఆయన. 1911లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసేవాడు. తను ఉండే ఇంటి యజమానురాలు మిగిలిపోయిన కూరనే మర్నాడు వేరే రూపంలో వడ్డిస్తోందని ఈయనకి అనుమానం. అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు. ఒకరోజు కంచంలో మిగిలిన దాంట్లో చిటికెడు రేడియోధార్మిక పదార్థం కలిపి వదిలేశాడు. కొన్నాళ్ళకి వడ్డించిన వంటకం దగ్గర ఎలక్ట్రోస్కోప్ పెడితే దొరికిపోయింది. ఈ కథ ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఎంత నిజమో గానీ పద్ధతి మొత్తం ఇందులోనే ఉంది: గుర్తు పెట్టు, వదిలెయ్యి, ఎక్కడ తేలుతుందో చూడు.

1923లో ఆయన అదే పని చిక్కుడు జాతి మొక్కల మీద చేశాడు, రేడియోధార్మిక సీసంతో. కానీ సీసం మొక్కకీ జంతువుకీ పనికొచ్చే పదార్థం కాదు, పైగా విషం. ప్రాణులకి కావలసిన గుర్తు ప్రాణుల్లోనే ఉండే హైడ్రోజన్, కార్బన్, నైట్రోజన్ లాంటిదై ఉండాలి. కొద్దిగా తేడాగా ఉండాలి, కానీ కణం ఆ తేడాని పట్టించుకోనంత కొద్దిగా.

1931లో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో హెరాల్డ్ యూరీ డ్యుటీరియంని కనిపెట్టడంతో అది దొరికింది. డ్యుటీరియం అంటే బరువైన హైడ్రోజన్. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ మాత్రమే, దీంట్లో అదనంగా ఒక న్యూట్రాన్. ఇది రేడియోధార్మికం కాదు, ఈ మాట అండర్‌లైన్ చేసుకోండి. గోదావరి నీళ్ళలో ఉంది, మీరు ఇప్పుడు తాగిన కాఫీలో ఉంది. దాదాపు 6,500 హైడ్రోజన్ అణువుల్లో ఒకటి ఇదే. మామూలు నీళ్ళలో హైడ్రోజన్ అంతా తీసేసి ఇది పెడితే హెవీ వాటర్. బరువు సుమారు 10 శాతం ఎక్కువ. 3.8 డిగ్రీలకే గడ్డ కడుతుంది.

1934లో హెవెసీ, హోఫర్ కలిసి యూరీ పంపిన పలచటి హెవీ వాటర్‌తో రెండు ప్రయోగాలు చేశారు. గోల్డ్ ఫిష్‌ని ఆ నీళ్ళలో వదిలితే చేప ఒంట్లోని నీళ్ళూ బయటి నీళ్ళూ త్వరగా కలిసిపోయాయి. తర్వాత మనిషి తాగి, రోజూ మూత్రంలో డ్యుటీరియం ఎంతుందో చూశారు. తాగిన నీటి అణువు ఒంట్లో సగటున 13 రోజులు ఉంటుందని తేలింది. మనిషి ఒంట్లో మొత్తం నీరు ఎంతో కూడా, కోత లేకుండా, ఎంత పలచబడిందో చూసి చెప్పేశారు. అచ్చం చెరువు లెక్కే.

అసలు దెబ్బ మాత్రం మరుసటి ఏడాది పడింది. రుడాల్ఫ్ షూన్‌హైమర్ జర్మన్ యూదుడు. హెవెసీ ఉన్న ఫ్రైబర్గ్‌లోనే పనిచేసేవాడు. 1933లో హిట్లర్ రావడంతో దేశం వదిలి కొలంబియాకి చేరాడు. అక్కడ యూరీ శిష్యుడు డేవిడ్ రిట్టెన్‌బర్గ్ కలిశాడు. ఒకరికి ప్రాణుల సంగతి తెలుసు, ఒకరికి డ్యుటీరియం సంగతి తెలుసు. ఇద్దరూ అవిసె నూనెకి డ్యుటీరియం తగిలించి చిట్టెలుకలకి తిండిలో కొద్దిగా పెట్టారు.

అప్పటి నమ్మకం ప్రకారం ఏం జరగాలి? తిన్న కొద్దిపాటి కొవ్వు వెంటనే కాలిపోవాలి. ఒంట్లో దాచుకున్న కొవ్వు అవసరమొస్తే తప్ప కదలకూడదు, ఫిక్స్‌డ్ డిపాజిట్ లాగా. జరిగింది వేరు. గుర్తు పెట్టిన కొవ్వులో ఎక్కువ భాగం ఎలకల ఒంట్లోని కొవ్వు నిల్వల్లోకి వెళ్ళి కూర్చుంది. కాలింది పాత కొవ్వు! అంటే అది ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు, కరెంట్ అకౌంట్. బాలెన్స్ మారట్లేదు కానీ లోపల రోజూ వేయడాలూ తీయడాలూ జరుగుతున్నాయి.

తర్వాత నైట్రోజన్-15 దొరికింది (అదీ యూరీ చలవే). దాన్ని అమైనో ఆమ్లాలకి తగిలించి, బరువు పెరగని పెద్ద ఎలకలకి పెట్టారు. ఫోలిన్ లెక్క ప్రకారం పెరగని ఎలకకి కొత్త ప్రోటీను అవసరం లేదు కాబట్టి దాదాపు అంతా మూత్రంలో వచ్చెయ్యాలి. మూడు రోజుల్లో వచ్చింది మూడో వంతు కంటే తక్కువ. సగానికి పైగా ఎలక ఒంటి ప్రోటీన్లలో కలిసిపోయింది. ఇంజనూ పెట్రోలూ అన్న తేడాయే లేదు. పెట్రోలే ఇంజను అవుతోంది, ఇంజనే పెట్రోలు అవుతోంది!

ఫోలిన్ ఇది చూడలేదు, 1934లోనే పోయాడు. షూన్‌హైమర్ కూడా పూర్తిగా చూడలేదు. 1941లో, యాభై ఏళ్ళు కూడా నిండకుండానే, ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన ఉపన్యాసాలని సహచరులు పుస్తకంగా తెచ్చింది మరుసటి ఏడాది. మన ఒంట్లో రోజుకి దాదాపు పావు కిలో పైన ప్రోటీను విరిగి మళ్ళీ కట్టబడుతుందని ఈరోజు ప్రతి వైద్య విద్యార్థీ చదువుకుంటాడు. మనం తినేది అందులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. మిగతాదంతా పాత ఇటుకలతో కొత్త గోడ.

అన్నట్టు, సుబ్బారావు కొలిచిన ఫాస్ఫరస్‌కి కూడా ఇదే జరిగింది. 1935లో హెవెసీ రేడియో ఫాస్ఫరస్‌ని ఎలకలకి పెడితే, రాయిలా కదలవనుకున్న ఎముకలు కూడా ఫాస్ఫరస్‌ని ఇచ్చిపుచ్చుకుంటున్నాయని తెలిసింది. ఈ గుర్తుల పనికే ఆయనకి 1943 సంవత్సరపు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మణుగూరుకి వద్దాం. ఎలకలకి కావలసింది చెంచాడు, రియాక్టర్‌కి కావలసింది టన్నులు. 6 టన్నుల గోదావరి నీళ్ళలో ఉండే హెవీ వాటర్ సుమారు ఒక కిలో, అదీ మొత్తం పిండగలిగితే. నిజానికి పిండగలిగేది అందులో కొంతే, కాబట్టి కిలోకి పదుల టన్నుల నీళ్ళు నడపాలి. మణుగూరులో వాడేది హైడ్రోజన్ సల్ఫైడ్ పద్ధతి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే వాయువు అదే. సుమారు 30 డిగ్రీల దగ్గర డ్యుటీరియం వాయువులోంచి నీళ్ళలోకి వెళ్తుంది, 130 డిగ్రీల దగ్గర నీళ్ళలోంచి వాయువులోకి వస్తుంది. చల్లటి స్తంభం, వేడి స్తంభం ఒకదానిమీద ఒకటి పెట్టి తిప్పుతూ ఉంటే మధ్యలో డ్యుటీరియం పోగవుతుంది. తర్వాతి స్తంభాల్లో ఇంకొంచెం, ఇంకొంచెం. ఇందుకు కావలసిన ఆవిరి, కరెంటు కోసం సింగరేణి బొగ్గుతో నడిచే సొంత పవర్ ప్లాంటు ఉంది. పక్కనే గోదావరి, పక్కనే బొగ్గు. అడవి అంచున, కోయ పల్లెల మధ్య ఇంత పెద్ద కర్మాగారం ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఏటా 185 టన్నులు తయారు చెయ్యగల సామర్థ్యం దానిది. అక్కడ జాగ్రత్త పడాల్సింది రేడియేషన్ గురించి కాదు, ఆ విషవాయువు గురించి.

కొన్నేళ్ళుగా అదే చోట ఆక్సిజన్-18 ఎక్కువగా ఉండే నీళ్ళు కూడా తయారు చేస్తున్నారు. సైక్లోట్రాన్‌లో ఆ నీళ్ళని ప్రోటాన్లతో కొడితే ఫ్లోరిన్-18 వస్తుంది, దాన్ని గ్లూకోజ్ లాంటి అణువుకి తగిలించి రోగికి ఎక్కిస్తారు. ఆకలి ఎక్కువున్న కణం, ఉదాహరణకి కాన్సర్ కణం, దాన్ని గ్లూకోజే అనుకుని మింగుతుంది, తర్వాత అరిగించుకోలేక లోపలే ఉంచుకుంటుంది. పెట్ స్కాన్‌లో వెలిగేది అదే. మళ్ళీ హెవెసీ కూర కథే!

ఇంకో చిత్రం చూడండి. డ్యుటీరియం, ఆక్సిజన్-18 రెండూ కలిపిన నీళ్ళు తాగిస్తే జంతువు ఎంత శక్తి ఖర్చు పెట్టిందో తెలుస్తుంది. డ్యుటీరియం నీరుగా మాత్రమే బయటికి పోతుంది. ఆక్సిజన్-18 నీరుగానూ పోతుంది, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌గానూ పోతుంది. రెండూ తగ్గే వేగాల్లో తేడా తీస్తే వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎంతో తేలుతుంది, దాన్నిబట్టి ఖర్చయిన శక్తి ఎంతో లెక్క కడతారు. మిన్నెసోటాలో నేథన్ లిఫ్సన్ 1955లో చిట్టెలుకల మీద దీన్ని చూపించాడు. బోనులో పెట్టక్కర్లేదు, మూతికి గొట్టం తగిలించక్కర్లేదు. ఎగిరే పావురాన్ని కూడా కొలవచ్చు. మనుషుల మీద వాడటానికి 1982 దాకా ఆగాల్సి వచ్చింది, ఆక్సిజన్-18 అంత ఖరీదు. ఆ రెండు గుర్తులకీ కావలసిన నీళ్ళు ఇప్పుడు తయారయ్యేది మన అశ్వాపురంలో.

సరే, ఎలకలకీ పావురాలకీ అయితే మనకేంటి అంటారా? పప్పన్నం సంగతి చూడండి.

వరి తినేవాళ్ళకి తక్కువయ్యే అమైనో ఆమ్లం లైసిన్. పప్పులో, పాలలో ఎక్కువ. మనిషికి రోజుకి ఎంత లైసిన్ కావాలో ఐక్యరాజ్య సమితి సంస్థలు 1985లో చెప్పిన లెక్క, కిలో బరువుకి 12 మిల్లీగ్రాములు. అది నైట్రోజన్ ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది అని చూసి కట్టిన లెక్క. మళ్ళీ చెరువు మట్టమే. ఆ తర్వాత ఎంఐటీలో వెర్నన్ యంగ్ బృందం, బెంగళూరు సెయింట్ జాన్స్‌లో అనురా కుర్పాద్ బృందం కార్బన్-13 గుర్తుతో చూశారు. లైసిన్ చాలకపోతే మిగతా అమైనో ఆమ్లాలు ప్రోటీను కాలేక కాలిపోతాయి, ఆ కార్బన్-13 ఊపిరిలో తేలుతుంది. ఇటుకలున్నా సిమెంటు లేకపోతే గోడ లేవదు కదా, అలాగ. 2007లో లెక్క మారింది: 12 కాదు, 30. రెండున్నర రెట్లు! అంటే పాత లెక్క ప్రకారం "పేదవాడికి అన్నం సరిపోతుంది, పప్పు లేకపోయినా ఫర్వాలేదు" అని తేల్చిన ప్రతి కాగితం మళ్ళీ రాయాల్సిందే. రేషన్‌లో పప్పు ఉండాలా వద్దా అనే వాదన వెనక ఇంత చిన్న గుర్తు ఉందన్నమాట.

ఇంకో ఉదాహరణ మణుగూరు నీళ్ళతోనే. పాలిచ్చే తల్లికి 30 గ్రాముల హెవీ వాటర్ తాగిస్తారు. రెండు వారాలపాటు తల్లి లాలాజలం, బిడ్డ లాలాజలం నమూనాలు తీస్తారు. తల్లి ఒంట్లోంచి పాల ద్వారా బిడ్డకి ఎంత డ్యుటీరియం చేరిందో చూస్తే బిడ్డ రోజుకి ఎన్ని పాలు తాగిందో, పాలు కాకుండా పైనుంచి ఎన్ని నీళ్ళు పట్టారో కూడా తెలుస్తుంది. "తల్లిపాలు తప్ప ఇంకేం పట్టట్లేదు" అని చెప్పినచోట కూడా నీళ్ళు పడుతున్నారని చాలా దేశాల్లో బయటపడింది ఇలాగే. దూడలకీ గొర్రెపిల్లలకీ కూడా ఇదే తరహా పద్ధతి పనికొస్తుంది. పాలు పితికేవాడు దూడకి ఎన్ని వదిలాడో దూడ లాలాజలం చెప్పేస్తుంది, ఇక బుకాయించడం కుదరదు :-)

ప్రమాదం లేదా? డ్యుటీరియం రేడియోధార్మికం కాదని ముందే చెప్పుకున్నాం. ఒంట్లోని నీళ్ళలో పావు వంతు పైన హెవీ వాటర్ అయిపోతే క్షీరదాలకి కష్టం, అది నిజం. తల్లి ఒంట్లో పాతిక, ముప్ఫై లీటర్ల నీళ్ళుంటాయి. అందులో 30 గ్రాములంటే వెయ్యిలో ఒక వంతు.

ఇక నా అభిప్రాయం. లెక్క చాలా సులువు. తల్లికి 30 గ్రాములు చొప్పున ఒక టన్ను హెవీ వాటర్ 33 వేల మందికి సరిపోతుంది. మణుగూరు ఏడాది సామర్థ్యంలో అది ఒక్క శాతం కూడా కాదు. లాలాజలంలో డ్యుటీరియం కొలవడానికి కోట్ల ఖరీదు చేసే మాస్ స్పెక్ట్రోమీటర్ కూడా అక్కర్లేదు, కాలేజీ లాబుల్లో ఉండే తరహా ఇన్‌ఫ్రారెడ్ యంత్రం చాలు. హెవీ వాటర్‌ని దక్షిణ కొరియాకీ అమెరికాకీ అమ్మిన దేశం మనది. ఆ ప్లాంటు చిమ్నీ కనిపించే పల్లెల్లోని బిడ్డ రోజుకి ఎన్ని పాలు తాగుతోందో, ఆ పల్లె ఆవు మేత చాలక ఎంత చిక్కిపోయిందో కొలిచి చెప్పడానికి అదే నీళ్ళు వాడాలని అడగడం అత్యాశ ఏమీ కాదనుకుంటాను. బరువు తూచి, ఎత్తు కొలిచి రిజిస్టర్లో రాసుకోవడం మంచిదే. కానీ బరువు తగ్గేసరికి ఆలస్యం అయిపోతుంది. మట్టం పడిపోవడానికి ముందే తూము సంగతి తెలియాలి.

కరెంటు కోసం కట్టిన ప్లాంటే, కాదనను. కానీ అందులో తయారయ్యే నీళ్ళు తమ మొదటి ఉద్యోగం ఎలకల దగ్గర, చేపల దగ్గర చేశాయి. ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది, జీతం కూడా తక్కువే. ఏమంటారు?